‘సమతుల్యం మారదు’ అనే వాక్యం గారికి

మహారాజశ్రీ ‘ఈ విక్రయం వల్ల ఆ ప్రాంతంలోని మౌలిక సైనిక సమతుల్యం మారదు’ అనే వాక్యం గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. కొనే దేశాలు మారాయి, అధ్యక్షులు మారారు, తమరు మాత్రం వేసిన కుర్చీలోంచి లేవలేదు.

మావాళ్లలో చాలామందికి తమరి పరిచయం లేదు కాబట్టి వాళ్లకూ వినబడేలా చెబుతాను. అమెరికా ప్రభుత్వం మరో దేశానికి పెద్ద ఎత్తున ఆయుధాలో, వాటి నిర్వహణ సేవలో అమ్మబోయే ముందు, 1976 నాటి ఆయుధ ఎగుమతి నియంత్రణ చట్టం 36(బి) సెక్షన్ ప్రకారం అక్కడి కాంగ్రెస్‌కు, అంటే వాళ్ల పార్లమెంటుకు, నోటీసు పంపాలి. కొనేదెవరు, ఏం కొంటున్నారు, ఎంతవుతుంది, కమీషన్ ఎవరికైనా ముట్టిందా అని అందులో గళ్లుంటాయి. (కమీషన్ గడిలో ఒక్కోసారి ‘మాకు తెలిసి లేదు’ అని కనబడుతుంది. ఆ ‘మాకు తెలిసి’ చేర్చిన గుమాస్తాకు నా దండం.) పంపాక 30 రోజులు ఆగాలి. నాటో దేశాలకూ, ఇంకొందరు దగ్గరి చుట్టాలకూ 15 రోజులు చాలు. ఆ నోటీసులో, వివరణ కిందికొచ్చేసరికి, తమరు వేంచేసి ఉంటారు.

30 రోజులంటే గుర్తొచ్చింది. మొన్న ఒక స్నేహితుడి వెంట సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. గోడమీద అద్దాల బోర్డు, లోపల తుప్పు పట్టిన గుండుసూదులకు వేలాడుతున్న కాగితాలు. ఒకదానిమీద అబ్బాయి ఫొటో, అమ్మాయి ఫొటో, కింద రెండిళ్ల చిరునామాలు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం నోటీసు. ఎవరికైనా అభ్యంతరముంటే 30 రోజుల్లో చెప్పుకోవాలి. అక్కడ ఎవరో దారిన పోయే దానయ్య వచ్చి అభ్యంతరం రాసిచ్చినా సరే, అధికారి దాన్ని విచారించి తేల్చేదాకా పెళ్లి ఆగిపోతుంది. తమరి దగ్గర మాత్రం క్షిపణులకు అభ్యంతరం చెప్పాలంటే రెండు సభలూ గెలవాలి, ఆ తర్వాత పెళ్లికొడుకే సంతకం పెట్టాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, తమరు మా పెళ్లిళ్ల పేరయ్యకు ఏమవుతారు? ‘అబ్బాయికి ఏ అలవాట్లూ లేవండీ’ అని ఆయనా ప్రతి ఇంట్లో ఇదే గొంతుతో చెబుతాడు.

తమరి పనితనం నాకు బాగా అర్థమైంది 2019 జులై చివర్లో. 22న ఇమ్రాన్ ఖాన్ వైట్‌హౌస్‌కు వెళ్లి ట్రంప్‌ను కలిశారు. 26న అక్కడి రక్షణశాఖ పెంటగాన్ నుంచి కాంగ్రెస్‌కు రెండు నోటీసులు వెళ్లాయి. ఒకటి పాకిస్థాన్‌కు: అమెరికా అమ్మిన ఎఫ్-16 యుద్ధ విమానాల వ్యవహారంపై నిఘాకు సాయపడే సాంకేతిక బృందాన్ని కొనసాగించడానికి, 60 మంది కాంట్రాక్టు మనుషులు, 12.5 కోట్ల డాలర్లు. రెండోది మన దేశానికి: సీ-17 రవాణా విమానాల నిర్వహణకు 67 కోట్ల డాలర్లు. ఒకే రోజు, సరిహద్దుకు ఇటొకటి, అటొకటి. రెండింట్లోనూ తమరే! ఇటువైపు వాళ్లకూ సమతుల్యం మారదన్నారు, అటువైపు వాళ్లకూ మారదన్నారు. తక్కెడలో ఆ పళ్లెంలో ఓ రాయి, ఈ పళ్లెంలో ఓ రాయి వేసి ‘ముల్లు కదల్లేదు చూడండి’ అనే కిరాణా కొట్టు శెట్టిని చూశాను గానీ, తక్కెడ కూడా తనే అమ్మే శెట్టిని చూడటం అదే మొదలు.

ఆ 60 మంది సంగతి చూడండి. అమ్మినవాడు కొన్నవాడి గుమ్మంలో కాపలా పెట్టాడు, ఆ కాపలా జీతం మళ్లీ కొన్నవాడి పద్దులోనే రాశాడు. బానే ఉంది. కానీ అదే ఏడాది ఫిబ్రవరి 28న ఢిల్లీలో మన సైన్యాధికారులు పాకిస్థాన్ ఎఫ్-16 నుంచి మనమీదికి పేల్చిందంటూ ఒక అమెరికా అమ్రామ్ క్షిపణి ముక్కను విలేకరుల ముందు పెట్టారు. ఆగస్టులో అమెరికా విదేశాంగ శాఖ ఉన్నతాధికారి ఆండ్రియా థాంప్సన్ పాకిస్థాన్ వాయుసేనాధిపతికి ఒక లేఖ రాశారనీ, ఎఫ్-16లనూ క్షిపణులనూ అనుమతి లేని స్థావరాలకు తరలించారని అందులో మందలించారనీ డిసెంబరులో ఒక అమెరికా పత్రికలో వచ్చింది. కాపలావాళ్లు వాకిట్లో ఉండగానే ఎడ్లు పొరుగు చేలో పడ్డాయన్నమాట. 2022 సెప్టెంబరులో మళ్లీ 45 కోట్ల డాలర్ల ఎఫ్-16 నిర్వహణ నోటీసు, మళ్లీ తమరు. మన విదేశాంగ మంత్రి జైశంకర్ అమెరికా గడ్డమీదే నిలబడి, ఈ మాటలతో ఎవరినీ మోసం చేయలేరని అనేశారు. తమరు నొచ్చుకున్నట్టు లేదు.

ఇక పెళ్లికొడుకు సంతకం సంగతి. దీనికి మూలం ఒక వీసా కథంటే అమీర్‌పేట నుంచి అట్లాంటా దాకా మావాళ్లు చెవులు రిక్కిస్తారు. జగదీశ్ రాయ్ చద్దా అని కెన్యాలో పుట్టిన భారత సంతతి కుర్రాడు. విద్యార్థి వీసా గడువు 1972లో తీరిపోయింది. పంపించెయ్యక్కర్లేదని 1974లో ఇమిగ్రేషన్ జడ్జి అన్నాడు, పంపాల్సిందేనని 1975 డిసెంబరులో ప్రతినిధుల సభ తీర్మానించింది. కేసు నలిగి నలిగి 1983 జూన్ 23న సుప్రీంకోర్టు 7-2తో తేల్చింది: అధ్యక్షుడి ముందు పెట్టకుండా సభ తనంతట తాను ఇలా కొట్టేయడం చెల్లదు. కుర్రాడు నిలబడ్డాడు, సంతోషం. కానీ ఆయుధ విక్రయాలను రెండు సభల తీర్మానంతోనే ఆపేసే అధికారం కూడా ఆ తీర్పుతోపాటే కొట్టుకుపోయింది. అప్పట్నుంచీ అడ్డు తీర్మానం అధ్యక్షుడి బల్లమీదికి వెళ్లాలి. అమ్మేదీ ఆయనే, అమ్మొద్దన్న కాగితంమీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఆయన వీటో చేస్తే సభల్లో మూడింట రెండొంతులు కావాలి.

1986లో సౌదీ క్షిపణుల విషయంలో అక్కడిదాకా వెళ్లారు. అధ్యక్షుడు రీగన్ వీటో చేశారు. సెనేట్‌లో 67 కావాలి, 66 పడ్డాయి. ఆ ఒక్క ఓటు దొరకని రాత్రి తమరు హాయిగా నిద్రపోయి ఉంటారు. 2019లో ఇంకో దారి దొరికింది: మే 24న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి పాంపియో ‘అత్యవసరం’ అని సౌదీ, యూఏఈ, జోర్డాన్‌లకు సుమారు 810 కోట్ల డాలర్ల 22 విక్రయాలను 30 రోజుల గడువు లేకుండానే దాటించేశారు. సభలు తీర్మానాలు చేశాయి, జులై 24న ట్రంప్ మూడింటిని వీటో చేశారు, 29న సెనేట్ ఆ వీటోలను దాటలేకపోయింది. తమరి రెండు నోటీసులు సరిగ్గా ఈ రెండు తేదీల మధ్యే వచ్చాయి. ఇలా తీర్మానంతో చివరిదాకా ఆగిన విక్రయం నేటికీ ఒక్కటీ లేదు. మౌనం అర్ధాంగీకారమని మా పెద్దలంటారు, తమరి చట్టంలో మౌనం పూర్తి అంగీకారం, అరుపు ముప్పాతిక అంగీకారం.

ఎప్పుడైనా నిజంగా బ్రేకు పడితే అది చట్టంలో లేని ఆచారం వల్ల. నోటీసు రాకముందే సంబంధిత కమిటీల పెద్దలకు చూపిస్తారు, వాళ్లలో ఒకరు ‘ఆగండి’ అంటే మామూలుగా ఆగుతారు. మనకు 31 ఎంక్యూ-9బీ డ్రోన్ల నోటీసు 2024 ఫిబ్రవరి 1న వెళ్లింది, 399 కోట్ల డాలర్లు. నెలల తరబడి చర్చించాకే ఒప్పుకున్నానని అప్పటి ఆ పెద్దల్లో ఒకరైన సెనేటర్ బెన్ కార్డిన్ అన్నారు. అదీ మర్యాద ఉన్నంతవరకే.

రన్‌వేలు, హ్యాంగర్ల లాంటి కట్టడాల విషయంలోనైతే 2019 నాటి లెక్క ప్రకారం, నాటో, దగ్గరి చుట్టాలు కాని దేశాలకు 20 కోట్ల డాలర్లు చేరితేనే నోటీసు. అంతకు తగ్గిన పనికి తమరు కూడా అక్కర్లేదు. ఆ సొమ్ముతో మా ఊళ్లో ఎన్ని రోడ్లు పడతాయో లెక్కేసి మధ్యలో వదిలేశాను.

తమరిని ఇన్ని అన్నానని మురిసిపోయేవాళ్లు మావైపూ ఉంటారు. వాళ్లకూ ఒక ముక్క. 2022 జనవరిలో మనం ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ క్షిపణులు సుమారు 37.5 కోట్ల డాలర్లకు అమ్మాం. ఆ బ్రహ్మోస్‌కు హైదరాబాద్‌లోనూ కార్ఖానా ఉంది. అమ్మకానికి ముందు మన పార్లమెంటుకు 30 రోజులు కాదుకదా, 30 నిమిషాల ముందు చెప్పాలనే చట్టం కూడా లేదు. అబద్ధం చెప్పడానికైనా తమరున్నారు వాళ్లకు. మాకు ఆ గడే లేదు.

ఇంకొకటి. హైదరాబాద్ పక్కనున్న ఆదిబట్ల వైపు తమరెప్పుడైనా వచ్చారా? అమెరికా సీ-130జే సైనిక రవాణా విమానాల తోకభాగాలు అక్కడే తయారవుతాయి, ప్రపంచానికంతటికీ అక్కణ్నుంచే వెళతాయి. షిఫ్టు దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లకు తాము బిగించిన రివెట్టు ఏ దేశం చేరిందో తెలియదు. తమరికి తెలుస్తుంది, నోటీసులో కొనేవాడి పేరు పైనే ఉంటుంది కదా. ఈసారి వెళ్లేటప్పుడు ఆ పేరు ఒక్కసారి చదివి, ఆ తర్వాత కింద కూర్చోండి.

ఇట్లు,
తమరిని చదివిన కొద్దిమందిలో ఒకడు