ఎఫ్-35లు ఎక్కించినంత మాత్రాన మెరైన్ల ఓడ క్యారియర్ అయిపోదు

2022 ఏప్రిల్‌లో అమెరికా నేవీ, మెరైన్లని (సముద్రం మీంచి ఒడ్డుకి దిగి పోరాడే సైనికుల్ని) మోసుకెళ్లే యూఎస్ఎస్ ట్రిపోలీ అనే ఓడ డెక్ మీద, నిలువుగా దిగగలిగే ఎఫ్-35బి జెట్లని 16 వరసగా నిలబెట్టిన ఫోటోలు వచ్చాయి చూడండి, అప్పటి నుంచి ఒకటే పాట: లక్ష టన్నుల క్యారియర్లు (విమాన వాహక నౌకలు) దండగ, ఇలాంటివి నాలుగు ఉంటే చాలు అని. నాకు ఒళ్లు మండిపోతుంది. ఫోటోలో జెట్లు కనిపిస్తాయి, లేనివి కనిపించవు కదా!

ట్రిపోలీ మీద విమానాన్ని విసిరి లేపే కాటపుల్ట్ లేదు కాబట్టి ఈ-2 హాక్‌ఐ లాంటి రాడార్ విమానం దాని మీంచి లేవలేదు. పైనుంచి చూసే ఆ విమానం లేకపోతే, నీళ్లను ఆనుకుని దూసుకొచ్చే మిసైల్‌ని ఓడ మీది రాడార్ పసిగట్టేసరికి అది దగ్గరకొచ్చేసి ఉంటుంది, భూమి వంపు అడ్డం మరి. 1982లో ఫాక్లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధంలో బ్రిటన్‌కి ఇదే జరిగింది. గాల్లో జరిగిన పోరులో బ్రిటన్ సీ హారియర్ జెట్ ఒక్కటి కూడా కూలలేదు, అయినా మే 4న వాళ్ల యుద్ధనౌక షెఫీల్డ్‌ని ఎక్సోసెట్ మిసైల్ కొట్టింది. అప్పుడు ఆదరాబాదరాగా సీ కింగ్ హెలికాప్టర్లకి రాడార్లు బిగించారు, అవి అక్కడికి చేరేలోపే యుద్ధం అయిపోయింది. ఎఫ్-35 రాడార్ చాలదా అంటారు. రాత్రీ పగలూ కాపలాకి జెట్లనే తిప్పితే ఇక దాడికి మిగిలేవి ఎన్ని? పైగా నిలువుగా దిగడానికి పెట్టిన లిఫ్ట్ ఫ్యాన్ చోటు తినేయడంతో బి మోడల్‌లో పట్టే ఇంధనం క్యారియర్ల కోసం చేసిన సి మోడల్ కంటే బాగా తక్కువ, గాల్లో నింపడానికి ఓడకి సొంత ట్యాంకర్ విమానమూ లేదు.

2003లో ఇరాక్ మీదకి బటాన్, బొనోమ్ రిచర్డ్ అనే ఇలాంటి ఓడలే హారియర్ జెట్లతో నిండి వెళ్లి బాగానే పనిచేశాయిగా అంటే, పనిచేశాయి, కాదనను. కానీ పెద్ద క్యారియర్లు కూడా అదే యుద్ధంలో ఉన్నాయి, సముద్రంలో ఎదురు నిలిచే శత్రువు లేడు. అలా తోడుగా వాడుకుంటే నాకే అభ్యంతరమూ లేదు.

నా అసలు బాధ మెరైన్ల గురించి. డెక్ నిండా జెట్లు పెడితే వాళ్లని ఒడ్డుకి చేర్చే హెలికాప్టర్లు, ఆస్ప్రేలు (హెలికాప్టర్‌లా లేచి విమానంలా ఎగిరేవి) ఎక్కడుంటాయి? విమానాల కోసమని యూఎస్ఎస్ అమెరికా, ట్రిపోలీ ఓడల్లో పడవలు దించే వెల్ డెక్కే తీసేశారు, తర్వాత బుద్ధొచ్చి అదే తరహా బూగన్‌విల్ ఓడలో మళ్లీ పెట్టారు. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపం వచ్చినప్పుడు పంపడానికి దగ్గరలో ఒక్క యాంఫీబియస్ గ్రూప్ (మెరైన్లని మోసే ఓడల దళం) కూడా లేదని మెరైన్ కోర్ అధిపతే బాధపడ్డాడు. బొనోమ్ రిచర్డ్ 2020లో శాన్ డియాగో రేవులోనే తగలబడి తుక్కుకి పోయింది. ఉన్న ఓడలే వాటి సొంత పనికి చాలడం లేదు, వాటి నెత్తిన క్యారియర్ పని కూడా పెట్టమనేవాళ్లు ఆ మెరైన్లని ఎవరు మోసుకెళ్తారో ముందు చెప్పాలి.