ముప్పై ఆరేళ్ల జ్ఞానతృష్ణ

"చిన్నతనం నుంచీ నాకు ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటే ఎనలేని ఆసక్తి."

ఈ వాక్యం రాసిన పసివాడికి ముప్పై ఆరేళ్లు. ఇద్దరు పిల్లలు, మియాపూర్‌లో ఈఎంఐ నడుస్తున్న ఫ్లాటు, తగ్గని బీపీ. నాకు వరసకు తమ్ముడవుతాడు. "అన్నయ్యా, ఎస్‌వోపీ రాశాను, కాస్త ఇంగ్లిష్ చూసి పెట్టవా" అని డాలస్ నుంచి వాట్సాప్‌లో పంపాడు. ఎస్‌వోపీ అంటే ఈ చదువే ఎందుకు కావాలో అమెరికా యూనివర్సిటీకి చెప్పుకునే ఉత్తరం. ఇంగ్లిష్ బాగానే ఉంది. మొదటి వాక్యమే మింగుడుపడలేదు. వాడి చిన్నతనం నేను దగ్గరుండి చూశాను. తెనాలిలో వాడికి ఎనలేని ఆసక్తి ఉన్నవి రెండే, గోళీలూ చిరంజీవి సినిమాలూ. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే మాట చెవిన పడింది బీటెక్ అయిన ఎన్నో ఏళ్లకి, ఓ కన్సల్టెన్సీ ఆఫీసులో ఏసీ కింద కూర్చున్నప్పుడు.

పైగా ఇది వాడికి రెండో ఎమ్మెస్. ముప్పై ఒకటో ఏట హైదరాబాద్‌లో టీమ్ లీడ్ ఉద్యోగం మానేసి మొదటి ఎమ్మెస్‌కి వెళ్లాడు. అప్పటి ఉత్తరంలో చిన్నతనం నుంచీ ఉన్న ఎనలేని ఆసక్తి కంప్యూటర్ సైన్స్ మీద. ఈ లెక్కన నలభై దాటాక వాడి చిన్నతనంలో ఇంకేం బయటపడుతుందో చూడాలి.

ఇది వాడొక్కడి కథ కాదని మీకూ తెలుసు. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా ఈ ఆసక్తి మీ కోసం రెడీగా ఉంటుంది, మీ పేరూ యూనివర్సిటీ పేరూ పెట్టుకోవడమే ఆలస్యం. యూనివర్సిటీ పేరు మార్చడం మర్చిపోయి పక్క రాష్ట్రం యూనివర్సిటీని రెండు పేజీలు పొగిడినవాడికీ సీటొచ్చిందని విన్నాను. రాదా మరి? అక్కడ ఆ ఉత్తరం చదివేవాళ్లు చూసేది ఫీజు కట్టగలడా లేదా అని. ఉత్తరం మర్యాద కోసం.

నిజానికి బేరం చాలా సింపుల్. వీడికి అమెరికా వెళ్లాలనో, వెళ్లినవాడైతే ఉండాలనో ఉంది. వాళ్లకి ఫీజు కావాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మనం బస్సెక్కితే టికెట్ కొంటాం, అంతే కదా. "ఈ బస్సు ఇంజిన్ పట్ల మీకు బాల్యం నుంచీ ఉన్న అభిరుచిని రెండు పేజీల్లో రాసివ్వండి" అని ఏ కండక్టరూ అడగడు. అమెరికా చదువులో మాత్రం అడుగుతారు. యూనివర్సిటీకి తెలుసు, కాన్సులేట్‌కి తెలుసు, కన్సల్టెన్సీకి తెలుసు, పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన నాన్నకి తెలుసు. అందరికీ తెలిసిన విషయాన్ని నవ్వకుండా దాచిపెట్టే బాధ్యత ఒక్క విద్యార్థిదే. ఆ విద్యార్థి వాళ్లబ్బాయికి ఈ ఏడాది పలకాబలపం పట్టించారు.

దాచిపెట్టడానికి అయ్యే ఖర్చు కూడా వాడిదే. విదేశీ విద్యార్థుల లెక్క రాసుకునే సెవిస్‌కి ఫీజు 350 డాలర్లు, వీసా అప్లికేషన్ 185 డాలర్లు, చిల్కూరులో పదకొండు ప్రదక్షిణలు ఫ్రీ. ఫండ్స్ చూపించాలి కాబట్టి కొన్ని వారాల పాటు వాడి అకౌంట్లో లక్షలకి లక్షలు ప్రత్యక్షమై, ఇంటర్వ్యూ అయిన మర్నాడు, వడ్డీతో సహా వచ్చిన దారినే పోతాయి. ఇక అమెరికా కాన్సులేట్‌లో కిటికీ ముందు ఇంకో నాటకం. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది, దాని ప్రకారం వచ్చిన ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది వాడే. అందుకని మావాడు, ఐదేళ్ల కింద, కళ్లు కూడా ఆర్పకుండా, చదువైపోగానే తిరిగొచ్చి అమ్మానాన్నల్ని చూసుకుంటానని చెప్పాడు. కోచింగ్‌లో నేర్పిన జవాబే. ఆఫీసర్ కూడా ఆ పూట అదే జవాబు ఎన్నోసారో విని స్టాంపు కొట్టాడు. 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3 లక్షల 63 వేలు. ఇన్ని లక్షల మంది కాలేజీకి వెళ్తూ తిరిగొస్తామని మాటివ్వాల్సిన చదువు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

సరే, వెళ్లాడు. ఎమ్మెస్ అయింది. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ ఒక ఏడాది, స్టెమ్, అంటే సైన్సూ లెక్కల కోర్సైతే ఇంకో రెండేళ్లు. (అందుకే అక్కడ బిజినెస్ కోర్సులు కూడా ఒక మంచి రోజు చూసుకుని సైన్సులుగా మారిపోయాయి. గణితం అంటే భయపడి ఎంబీఏ చేసినవాళ్లు కూడా ఇప్పుడు సాంకేతిక నిపుణులే.) ఈ మూడేళ్లలో ఏటా మార్చిలో హెచ్‌వన్‌బీ అనే ఉద్యోగ వీసాకి లాటరీ. ఉన్నవి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20 వేలు. 2023లో ఆ లాటరీకి పడ్డ రిజిస్ట్రేషన్లు 7 లక్షల 80 వేలకు పైనే, ఒకే మనిషి పేరు మీద నాలుగు కంపెనీలు వేసిన దొంగ చీటీలతో కలిపి. మావాడికి మూడుసార్లూ తగల్లేదు. ఇప్పుడు రెండే దారులు. పెట్టె సర్దుకోవడం, లేదా మళ్లీ జ్ఞానం మీద మనసు పడడం.

దీన్నే డే వన్ సీపీటీ అంటారు. చదువులో చేరిన మొదటి రోజు నుంచే ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసుకోవచ్చు, ఎందుకంటే ఆ ఉద్యోగం కూడా చదువులో భాగమే. కోర్సుకి అది తప్పనిసరైతే పీజీ వాళ్లకి మొదటి ఏడాది ఆగాల్సిన పనిలేదని రూల్లోనే ఉంది. కాబట్టి మావాడు ఇన్నాళ్లూ చేస్తున్న ఉద్యోగమే, అదే కుర్చీలో, అదే మేనేజర్ దగ్గర, సోమవారం నుంచి ప్రాక్టికల్స్‌గా మారిపోయింది.

అయితే మొత్తం ఆన్‌లైన్ అంటే ఎఫ్‌వన్‌కి, అంటే విద్యార్థి వీసాకి, చెల్లదు. మనిషి క్లాసులో కనపడాలి. అందుకోసం వీకెండ్ క్లాసులు. ఇక్కడ నన్ను కాసేపు ఆపకండి.

శుక్రవారం సాయంత్రం లాగౌట్ అవ్వగానే డాలస్‌లో ఒకడు, న్యూజెర్సీలో ఒకడు, షార్లెట్‌లో ఒకావిడ, ముగ్గురూ ఎయిర్‌పోర్టుకి పరిగెడతారు. కాలేజీ ఇంకో రాష్ట్రంలో ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది. అర్ధరాత్రి దిగి, నలుగురు కలిసి ఒక అద్దెకారు, ఒక రూము. బ్యాగులో లాప్‌టాప్, లాప్‌టాప్ పక్కన పులిహోర. తెల్లారి ఎనిమిదింటికి క్లాసు. లోపలికి వెళ్లేముందు కాలేజీ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగడం తప్పనిసరి. ముచ్చట కోసం కాదు, రేపు హెచ్‌వన్ తగిలాక ఇమ్మిగ్రేషన్ వాళ్లు "నువ్వు నిజంగా చదివావా" అని నోటీసు పంపితే చూపించాలి కదా. బోర్డింగ్ పాసులు, హోటల్ బిల్లు, పెట్రోల్ రసీదు, అన్నీ ఫైల్లో పెట్టుకుంటారు. చదువుకున్నానని నిరూపించడానికి విమానం టికెట్ చూపించే విద్యావిధానాన్ని నలందా వాళ్లు కూడా ఊహించి ఉండరు.

క్లాసులో సగం మంది మనవాళ్లే. "మీదే ఊరండీ?" "నరసరావుపేట." "అయ్యో, మా పిన్నిది సత్తెనపల్లి." ప్రొఫెసర్ వస్తాడు, పాపం పెద్దాయన, మంచివాడు. ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారో ఒక్కొక్కరూ చెప్పండి అంటాడు. లీడర్‌షిప్ స్కిల్స్ కోసం అని ఒకరు, హొరైజన్స్ విస్తరించుకోవడానికని ఇంకొకరు. ఆయన ప్రతి జవాబుకీ శ్రద్ధగా తలూపుతాడు. ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని అడిగితే వెనక బెంచీలోంచి "వీసా స్టేటస్‌లో ఉంటే చాలు సార్" అని ఒక గొంతు తెలుగులో. గది సగం నవ్వుతుంది. మిగతా సగానికి అర్థంకాకపోయినా వాళ్లూ నవ్వుతారు, వాళ్లదీ అదే కష్టం. తర్వాత ఆయన బోర్డు మీద ఒక గడి గీసి డేటాబేసుల ఓనమాలు, ప్రైమరీ కీ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెడతాడు. మూడో వరసలో కూర్చున్న మావాడు పదేళ్లుగా బ్యాంకుల డేటాబేసులు మోస్తున్నాడు. ఆ క్షణంలో కూడా టేబుల్ కింద ఫోన్లో అలాంటిదే ఒకటి పడిపోయి ఉంది, దాన్ని లేపుతున్నాడు. ఒక చెవిలో ఆఫ్‌షోర్ టీమ్ కాల్, మ్యూట్‌లో. ప్రొఫెసర్ "అర్థమైందా?" అంటే కాల్‌లో వాళ్లకి చెప్పాల్సిన "విల్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్" ఆయనకి చెప్పేశాడు. ఆయన సరే అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం గ్రూప్ ప్రెజెంటేషన్. టాపిక్, పనిచేసేచోట నైతిక విలువలు.

ఇదంతా చూశాక నాకు ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మీద గౌరవం పెరిగింది. గుర్తుందిగా, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్. అసలు ముసుగే వేసుకోని యూనివర్సిటీ అది. క్లాసుల్లేవు, పాఠం చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు, ప్రైమరీ కీ గొడవ లేదు. లోగో మీద లాటిన్‌లో "సైంటియా ఎట్ లేబర్" అని రాసుకున్నారు, అంటే విజ్ఞానమూ శ్రమా. మూడు నెలల క్వార్టర్‌కి ఫీజు దాదాపు 2,500 డాలర్లు. సుమారు 600 మంది చేరారు, ఎక్కువ మంది మనవాళ్లు. ఒకే ఒక్క చిన్న విషయం, ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్లు. ఆఫీసులో కూర్చుని అడ్మిషన్లు ఇచ్చింది వేషం మార్చిన ఏజెంట్లు. 2019 జనవరి చివర్లో ఒక్కసారిగా 130 మందిని పట్టుకున్నారు, అందులో 129 మంది భారతీయులు. ఢిల్లీలో అమెరికా ఎంబసీకి మన విదేశాంగ శాఖ వాళ్లు నిరసన లేఖ ఇచ్చారు, హెల్ప్‌లైన్ పెట్టారు. తర్వాతి నెలల్లో అరెస్టులు సుమారు 250కి చేరాయి.

పిల్లలకి తెలుసు కదా, క్లాసుల్లేవని తెలిసే చేరారు కదా, అని ప్రభుత్వ లాయర్ల వాదన. తెలుసు. కొంతమందికి బాగా తెలుసు. అయితే ఆ యూనివర్సిటీ పేరుని గుర్తింపు ఉన్న సంస్థల జాబితాలో పెట్టించిందెవరు? ప్రభుత్వం వాళ్ల సొంత వెబ్‌సైట్లో దానికి ఎఫ్‌వన్ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి ఉన్నట్టు చూపించిందెవరు? ఊళ్లో రెండెకరాలు తాకట్టు పెట్టిన తండ్రి, చేతనైతే ఆ వెబ్‌సైటే చూస్తాడు, ఇంకేం చూస్తాడు? ఫీజు తీసుకున్నారు. ఆ డబ్బు తిరిగి ఇవ్వలేదు. వాళ్లే కొట్టు పెట్టి, వాళ్లే సరుకు లేదని తెలిసీ డబ్బు పుచ్చుకుని, కొన్నవాడి చేతికి బేడీలు వేశారు! విద్యార్థులు కోర్టుకెళ్తే, ఈ కేసు వినదగ్గదే అని ఒక అప్పీలు కోర్టు అనేసరికి 2024 వచ్చింది.

అంతకు ముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ. దాని విద్యార్థుల్లో సగానికి పైగా మంది సన్నీవేల్‌లో ఒకే ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో రాశారు. అంతమంది ఒక ఫ్లాట్లో! ఇన్నాళ్లూ ఆ కాగితాలు ఎవరూ చదవలేదా? చదివాక ఏం చేశారు? మనపిల్లల కాళ్లకి రేడియో కాలర్లు కట్టారు. అడవి జంతువులకి కట్టేవి, ఎక్కడ తిరుగుతున్నాయో చూడడానికి. అదేదో ఫ్యాషన్ అన్నట్టు అమెరికా కాన్సులేట్ అధికారి ఒకరు మాట్లాడితే ఇక్కడ పెద్ద గొడవైంది. యూనివర్సిటీ నడిపిన ఆవిడకి 2014లో పదహారేళ్ల పైచిలుకు శిక్ష పడింది, సంతోషం. మరి పిల్లల కాళ్లకి కట్టినదాన్ని ఎవరు విప్పుతారు? చుట్టాల్లో, పెళ్లి సంబంధాల్లో అది ఎన్నేళ్లు ఉంటుందో మనకి తెలీదా? అక్కడికి పంపిన కన్సల్టెన్సీల్లో ఎన్ని ఇప్పటికీ కొత్త పేరుతో, కొత్త ఫ్లెక్సీతో, అదే వీధిలో ఉన్నాయో ఎవరైనా లెక్కపెట్టారా?

మళ్లీ వెటకారంలోకి వెళ్దామనుకున్నాను గానీ రావడం లేదు.

ఎందుకంటే అసలు మోసం ఇదీ కాదు. ఈ చదువు కొన్నది ప్రయాణం కోసం. తీరా కొన్నాక ప్రయాణమే కుదరదు. మావాడి పాస్‌పోర్టులో ఎఫ్‌వన్ స్టాంపు గడువు అయిపోయింది. అక్కడ ఉన్నంతకాలం ఐ-20, అంటే మా విద్యార్థే అని కాలేజీ ఇచ్చే కాగితం, బాగుంటే చాలు, ఫరవాలేదు. కానీ ఒక్కసారి గడప దాటితే మళ్లీ కిటికీ ముందు నిలబడాలి, నిలబడితే "రెండో ఎమ్మెస్సా? చేరిన రోజు నుంచే ఉద్యోగమా?" అని అడుగుతారు, అడిగితే సంగతి తెలిసిందే. దానికి తోడు 2025 సెప్టెంబర్‌లో బయటి నుంచి కొత్తగా హెచ్‌వన్‌బీ మీద తెచ్చుకునేవాళ్లకి లక్ష డాలర్ల ఫీజన్నారు, ఇక ఉన్నచోటు నుంచి కదిలే ధైర్యం ఎవడికుంటుంది? అందుకే వాడు ఐదేళ్లుగా తెనాలి రాలేదు. చెల్లెలి పెళ్లి యూట్యూబ్ లైవ్‌లో చూశాడు. మా బాబాయి పోయినప్పుడు వీడియో కాల్‌లో ఉన్నాడు. కొరివి నేను పెట్టాను. ఫోన్ పట్టుకున్న కుర్రాడికి చెయ్యి నొప్పెడితే మార్చి మార్చి పట్టుకున్నారు.

అమ్మానాన్నల్ని చూసుకోవడానికి తిరిగొస్తావా అని కిటికీలోంచి అడిగింది వాళ్లే. వద్దామనుకున్న రోజున రానివ్వనిదీ వాళ్లే. లాయర్‌ని అడిగితే వెళ్లొద్దన్నాడట, కాలేజీ వాళ్లని అడిగితే మీ రిస్కు మీది అన్నారట. దినాలు అయ్యేలోపే సెమిస్టర్ ఫీజు కట్టాడు, గడువు దాటితే ఐ-20 పోతుందని.