నెలాఖరు లెక్కల్లో అమ్మకం ఎంత, భయం ఎంత?

మందుల కంపెనీలో పనిచేసే మెడికల్ రిప్రజెంటేటివ్‌కు నెలలో మొదటి మూడు వారాలూ క్లినిక్‌ల ముందు, రోగుల మధ్య నిరీక్షణతోనే గడుస్తాయి. టార్గెట్‌కు దూరంగా ఉన్నవాడు చివరి వారంలో డాక్టర్లను వదిలేసి, మందులు టోకుగా కొని దుకాణాలకు అందించే స్టాకిస్టు దగ్గర చేరతాడు. ‘ఇంకో లక్ష రూపాయల సరుకు తీసుకోండి, పోకపోతే నేను చూసుకుంటాను’ అని బతిమాలుకుంటాడు. బిల్లు పడుతుంది, టార్గెట్ నిండుతుంది. కంపెనీ పుస్తకాల్లో అది అమ్మకమే. ఒక్క రోగికైనా అదనంగా ఒక్క మాత్ర చేరిందా అంటే, లేదు. ఆ సరుకులో కొంత గడువు తీరి గోదాముకే తిరిగొస్తుంది.

ప్రైవేటు సంస్థల్లో సేల్స్ సిబ్బంది సంక్షేమం అనగానే పండుగ మిఠాయి పెట్టె, ఏడాదికోసారి రిసార్టులో విందు గుర్తొస్తాయి. వాటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. నికరమైన జీతం, అడిగితే దొరికే సెలవు, ఒక నెల వెనకబడినా ఉద్యోగం పోదన్న భరోసా, ఇవి అసలైన సంక్షేమం. ఇవి లేనిచోట యాజమాన్యానికి అందే అమ్మకాల లెక్కే అబద్ధమవుతుంది. జీతంలో సగం ఇన్సెంటివ్‌కు ముడిపెట్టి, పైనుంచి ఉద్వాసన బెదిరింపు వేలాడదీస్తే, ఎంత నిజాయితీపరుడైనా సరుకు సంగతి పక్కనపెట్టి అంకె సంగతి చూసుకుంటాడు.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఇలాగే దెబ్బతింది. ఒక్కో ఖాతాదారుకు ఎన్నో రకాల ఖాతాలు అంటగట్టాలని సిబ్బందిని తరిమారు. వాళ్లు ఖాతాదారులకు తెలియకుండానే ఖాతాలు తెరిచేశారు. అలాంటివి సుమారు 20 లక్షలు ఉండవచ్చని 2016లో బయటపడింది. బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. టార్గెట్లు రాసినవాళ్లకంటే ముందు వాటిని మోసినవాళ్లే వీధిన పడ్డారన్నది గమనించాలి.

దీనికి ఎదురు ఉదాహరణ బట్టల వ్యాపారంలో ఉంది. అమెరికా దుస్తుల సంస్థ గ్యాప్‌కు చెందిన 28 దుకాణాల్లో 2015-16లో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొన్ని దుకాణాల్లో సిబ్బంది పనివేళలను స్థిరపరిచారు, షిఫ్టులు తమలో తాము మార్చుకునే వీలు కల్పించారు. మిగతా వాటితో పోలిస్తే అక్కడ అమ్మకాలు 7 శాతం పెరిగాయి. అనుభవమున్న సిబ్బంది నిలిచి ఉండటం దీనికి ఒక కారణం. ఏ కొలత ఏ అరలో ఉందో, ఏ కొనుగోలుదారుకు ఏది నప్పుతుందో పాతవాళ్లకు తెలుస్తుంది. మన చీరల దుకాణాల యజమానులకు ఈ మాట కొత్తేమీ కాదు. తెలిసి కూడా సిబ్బందిని రోజంతా నిలబెట్టే ఉంచడమే విచిత్రం.

టార్గెట్ లేకపోతే ఎవరూ కదలరన్న మేనేజర్ల మాటలో కొంత నిజముంది. మితమైన ఇన్సెంటివ్ ఉత్సాహాన్నిస్తుంది, కాదనను. అయితే సెలవు, నియామక పత్రం లాంటివి సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులకు 1976లోనే చట్టం ఇచ్చిన హక్కులు. వాటిని ఇప్పటికీ యజమాని ఉదారతగా చెప్పుకోవడం ఎందుకో అర్థం కాదు. పైగా ఇప్పుడు ఫోనులో జీపీఎస్ నిఘా చేరింది. మనిషి ఏ వీధిలో నిలబడ్డాడో అది చెబుతుంది, డాక్టర్‌తో ఏం మాట్లాడాడో చెప్పదు.

తన అమ్మకాల లెక్కపై అనుమానమున్న యాజమాన్యం మార్చి చివరి వారంలో వేసిన బిల్లులను బయటకు తీయాలి. అందులో ఎంత సరుకు తర్వాతి నెలల్లో వెనక్కి వచ్చిందో, ఆ ఏడాది ఎంతమంది రాజీనామా చేశారో ఏరియాల వారీగా పక్కపక్కన పెట్టి చూడాలి. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు, అకౌంట్స్ గుమాస్తా చాలు.