తొమ్మిదికి దొరికిన పద్దెనిమిది వేలు

పలాసలో ఒక జీడిపిక్కల కొట్టు. రాత్రి ఎనిమిది దాటినా లెక్క కుదరలేదు. రోజువారీ పద్దులు రాసే చిట్టాకీ, వాటిని ఖాతాలవారీగా ఎత్తిరాసే ఆవర్జాకీ సరిగ్గా 18,000 తేడా. షావుకారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి గుమస్తా జేబుకేసి చూస్తున్నాడు. అందులో ఉన్నది బస్సు టికెట్టూ, సగం ఖాళీ అయిన వక్కపొడి పొట్లమూ.

"ఏటయ్యా, అంత సొమ్ము ఎటెల్లిపోనాది?"

"నాకేటి తెలుసు బాబూ, పుస్తకాన్నే అడగండి."

అడగడానికి పద్ధతుంది. ముందు తేడాని సగం చేసి వెతకాలి. ఖర్చులో రాయాల్సిన 9,000 జమలో పడితే తేడా రెట్టింపై 18,000గా కనిపిస్తుంది. వెతికారు. 9,000 పద్దే లేదు.

తర్వాత తొమ్మిదితో భాగించాలి. నిశ్శేషంగా పోయి 2,000 వచ్చింది. షావుకారు ఇక్కడే తొందరపడ్డాడు. 20,000లో ఒక సున్నా ఎగిరిపోతే 2,000. తేడా అచ్చంగా 18,000! కళాసీల మేస్త్రి పేరున 2,000 అడ్వాన్సు రాసి ఉంది కూడా. కంచం ముందు కూర్చున్న మనిషిని లేపి పిలిపించారు.

"ఇరవై వేలే ఇచ్చుంటే రేపు మూటలెత్తడానికి వస్తానా బాబూ?"

తొమ్మిది చెప్పే మాట ఇంకొకటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా తేడా తొమ్మిదితో పోతుంది. పదుల చోటు నుంచి ఒకట్ల చోటుకి దిగిన అంకె తన విలువకి తొమ్మిది రెట్లు పోగొట్టుకుంటుంది, పైకెక్కింది తొమ్మిది రెట్లు సంపాదిస్తుంది. వచ్చిన 2,000లో 2 అనేది ఆ రెండంకెల మధ్య తేడా. మూడు సున్నాలు చోటు: వేల స్థానం, దాని ఎడమ పక్కది. ఆ రెండు స్థానాలే చూసుకుంటూ పోతే చాలు.

దొరికింది. 80 కిలోల బస్తాలు 137, బస్తా 14,580 చొప్పున 19,97,460. ఆవర్జాలో 19,79,460. ఒకరు చదివితే ఒకరు రాశారు. పిక్కలు కోసే మిషన్ల చప్పుడులో తొంభై ఏడుకీ డెబ్భై తొమ్మిదికీ పెద్ద తేడా వినిపించదు.

"అంకెలు కూడి సరిచూడలేదేటి?"

చూశాడు పాపం. అసలు సంఖ్య అంకెలు కూడితే 36, తప్పుదానికీ 36. చోటు మారితే మొత్తం మారదుగా! దొంగతనం అయ్యాక దొంగ ఇల్లు చూపించే తొమ్మిది, జరుగుతున్నప్పుడు మాత్రం నిద్రపోతుంది.

దానికి పదకొండు కావాలి. కుడి నుంచి ఒక అంకె కూడుతూ, తర్వాతది తీసేస్తూ పోవాలి. సున్నాకి దిగువకి పోతే పైకొచ్చేదాకా 11 కలపాలి. 137కి 5. 14,580కి −6, అంటే 5. బస్తాలనీ ధరనీ గుణించినట్టే వీటినీ గుణించాలి: అయిదైదులు ఇరవై అయిదు, పదకొండుతో భాగిస్తే శేషం 3. అసలు మొత్తానికి −8, అంటే 3, సరిపోయింది. తప్పుదానికి −12, అంటే 10. రాసినప్పుడే పట్టుబడేది. ఆధార్ 12 అంకెల్లో చివరిదీ ఇలాంటి కాపలాదారే, పద్ధతి వేరైనా పక్కపక్క అంకెలు తారుమారైతే ఊరుకోదు. ఆవర్జాకి ఆ భాగ్యం లేదు.

గుమస్తా ఎర్రసిరాతో దిద్దాడు. షావుకారు కొట్టు మూయడానికి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. మేస్త్రి మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

"లెక్క కుదిరింది కదా బాబూ. నా ఇరవై వేలల్లో మిగతా పద్దెనిమిదీ ఎప్పుడిస్తారు?"