మీల్ మేకర్ గారికి, నాలుగోసారి పిండాక

మహారాజశ్రీ మీల్ మేకర్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, కుడి మోచేతి మీద నూనె బొబ్బలు రెండు తప్పితే ఇక్కడ అందరం క్షేమం. నిన్న మిగిలిపోయిన తమరు కూడా ఫ్రిజ్‌లో స్టీలు డబ్బాలో క్షేమమని తలుస్తాను.

తమరితో పది నిమిషాల్లో కరకరలాడే ప్రొటీన్ స్నాక్ అని ఒక వంట వీడియోలో అన్నారు. ఆదివారం భోజనాలయ్యాక మొదలుపెడితే ఆ పది నిమిషాలూ సాయంత్రం ఐదున్నరకి పూర్తయ్యాయి.

ఉప్పు వేసి ఉడికించాను, వార్చాను, చల్లనీళ్ళు పోశాను. ఇక్కడి దాకా గొడవ లేదు. తర్వాత "నీళ్ళు పూర్తిగా పిండేయాలి" అని ఒక్క ముక్క చెప్పి వీడియో ఆవిడ ముందుకెళ్ళిపోయింది. పూర్తిగా అంటే ఎంతవరకండీ? గుప్పిట్లో పెట్టి పిండితే నీళ్ళొచ్చాయి. అయిపోయాయి కదా అని మళ్ళీ పిండితే మళ్ళీ వచ్చాయి. నాన్న పాత కండువాలో మూటకట్టి మెలిపెట్టాను, కండువా చిరిగింది గానీ నీళ్ళు ఆగలేదు. చివరికి పళ్ళెం కింద పెట్టి పైన రుబ్బురోలు పొత్రం ఎక్కించాను. పొత్రం దించగానే ఏమీ జరగనట్టు మళ్ళీ ఉబ్బారు. మూడు చెరువుల నీళ్ళు తాగించడం అంటారే, ఆ చెరువులు మూడూ తమ కడుపులోనే ఉన్నాయని నాకు నిన్ననే తెలిసింది.

తమ పుట్టుక తెలియక కాదు. సోయా గింజల్లోంచి నూనె తీసేసుకుని, మిగిలిన పిండిని తడిపి, వేడి మీద గట్టి ఒత్తిడితో మిషన్లోంచి తోస్తారు. బయటపడగానే లోపలి తేమ ఆవిరై ఒక్కసారిగా పొంగుతారు. అందుకే ఒళ్ళంతా చిల్లులు. ఫ్యాక్టరీ వాడికి నూనె మొత్తం కిక్కురుమనకుండా అప్పగించినవారు, నా దగ్గర గ్లాసుడు నీళ్ళకి ఇంత మొండికేస్తారా?

మూకుట్లో వేశానో లేదో, దాచుకున్నదంతా అక్కడ కక్కారు. నేను మూతని డాలులా పట్టుకుని ఫ్రిజ్ దాకా వెనక్కి నడిచాను. దించాక ఐదు నిమిషాలు కరకరలాడారు, కాదనను. ఆరో నిమిషంలో గిన్నెలు తోమే స్పాంజికీ తమకీ తేడా మసాలా ఒక్కటే. పావుకిలో నలభై రూపాయల సరుకుకి అరలీటరు నూనె. చవకట!

ప్రొటీన్ అని గొప్పలు పోయే మిగతావాళ్ళలో మఖానా గారికి విడిగా రాస్తాను, గాలికి అంత రేటేమిటని. బాదంపప్పు మీద కోపమేం లేదు. వంద గ్రాముల్లో 21 గ్రాముల ప్రొటీన్ పెట్టుకుని, 25 ఉన్న పల్లీల ముందు ఆ టెక్కు ఎందుకో అర్థం కాదంతే.

అసలు అవమానం రాత్రి జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క రోజుకి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్. 72 కిలోల నాకు సుమారు 60. తమ ప్యాకెట్ మీద వందకు 52 అని ఉంది. వేయించే ముందే సరిగ్గా వంద గ్రాములు తూచి పక్కన పెట్టుకున్నాను కాబట్టి, ఈ రోజు కోటా దాదాపు అయిపోయిందని భోజనాల దగ్గర ప్రకటించాను. పదో తరగతి చదివే మేనకోడలు తలెత్తకుండానే అంది: "మావయ్యా, ఆ 52 ఎండువాటికి. నువ్వు తూచింది నీళ్ళతో కలిపి. నీకొచ్చింది పదిహేడో పద్దెనిమిదో."

మళ్ళీ ఆ నీళ్ళే! ఒరేయ్, నీకు సిగ్గుందా? హాస్టల్లో నాలుగేళ్ళు ప్రతి గురువారం నీళ్ళ కూరలో తేలావు, భరించాను. పెళ్ళి పులావులో మటన్ ముక్కలా కనబడి, విస్తట్లో పడ్డాక అసలు రూపం చూపించావు, దానికీ ఏమనలేదు. ఇప్పుడు చిన్నపిల్ల ముందు నా పరువు తీస్తావా?

ఇంతవరకు రాసేసరికి వంటింట్లోంచి వాసన వస్తోంది. వెళ్ళి చూస్తే స్టీలు డబ్బా ఖాళీ. అమ్మ నిన్ను అసలు పిండనే లేదు. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, నానబెట్టి రుబ్బిన శనగపప్పులో కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి పెనం మీద వడల్లా ఒత్తింది. రెండు చెంచాల నూనె. నీళ్ళేమయ్యాయే అమ్మా అంటే, "పప్పు పీల్చుకుంటుందిరా, వాటితో నీకెందుకు?" అంది.

నాలుగు తిన్నాను. ఐదోది మాత్రం నీ మీద కోపంతోనే తిన్నాను.

ఇట్లు,
చిరిగిన కండువా సంగతి నాన్నకి ఇంకా చెప్పని
తమ విధేయుడు