మే నెలలో మంకీ క్యాప్

విశాఖపట్నంలో చలి సమస్య పూర్తిగా తీరిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మొన్న మే నెలాఖరులో, బీచ్ రోడ్డుకి కాస్త పక్కనున్న ఒక మత్స్యకార పేటలో, మా కాలనీ అల్లికల బృందం వారు పిల్లలందరికీ చేత్తో అల్లిన ఊలు టోపీలు పంచి, ఫ్లెక్సీ ముందు ఫోటో దిగి, కొబ్బరిబొండాలు తాగి, ఏసీ కార్లలో ఇళ్లకు వెళ్లారు. ఇక ఆ పేటలో ఎవరికీ చలి వేయదు. అంతకుముందు ఎవరికి వేసిందని మాత్రం అడక్కండి, సేవా కార్యక్రమాల్లో అలాంటి ప్రశ్నలు వేయకూడదు.

మే నెలే ఎందుకంటే, మొదలుపెట్టింది డిసెంబరులో. మన ఊళ్లో చలికాలంలో నాలుగు రోజులు తెల్లవారుజామున 18 డిగ్రీల దరిదాపులకు దిగితే చాలు, వాకింగుకొచ్చే పెద్దమనుషులంతా మంకీ క్యాపులు మెడదాకా లాక్కుని మంచుకొండల మీంచి ఇప్పుడే దిగొచ్చినట్టు మాట్లాడతారు. ఆ ఊపులో పుట్టిన ఆలోచన ఇది. కానీ ఊలు రావాలి, యూట్యూబులో చూసి కుట్లు ఎక్కించడం నేర్చుకోవాలి, అంచు దగ్గర రెండు సీదా కుట్లు, రెండు ఉల్టా కుట్లు వేస్తేనే టోపీ సాగి తలకు పట్టుకుంటుందన్న సంగతి సగం టోపీలు పాడయ్యాక తెలియాలి, అన్నిటికంటే ముఖ్యంగా ముఖ్య అతిథి గారికి తీరిక దొరకాలి. ఇవన్నీ కుదిరేసరికి రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలితే పగిలాయి గానీ సేవ ఆగుతుందా?

కార్యక్రమం కన్నుల పండువగా జరిగింది. పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి (షామియానా అతిథులకు) ఒక్కొక్కరికీ స్వహస్తాలతో టోపీ పెట్టారు. ఊలు అంటున్నాం గానీ అది అక్రిలిక్, చెమట చుక్క పీల్చదు, గాలి ఆడనివ్వదు, పైగా నెత్తిన నారింజకాయంత ఊలు బంతి. ముందు వరసలో నిలబడ్డ పిల్లాడికి చెమట కణతల మీదుగా కారి గడ్డం దగ్గర బొట్లుబొట్లుగా పడుతుంటే, ఫోటోగ్రాఫరు "నవ్వమ్మా, నవ్వు" అంటున్నాడు. వెనక వరసలో ఇద్దరు టోపీలు తీసి విసనకర్రల్లా ఊపుకుంటున్నారని మొత్తం ఫోటో మళ్లీ తీయాల్సొచ్చింది. ఈలోగా చేపల తట్ట దించుకుని ఆగిన ఒకావిడ, "ఏటమ్మా ఇది? బుర్రలు ఉడికిపోతన్నాయి, ఇప్పుడు దీన్నేటి సేసుకోమంటారు?" అని అడిగింది. కార్యదర్శి గారు ఎంతో ఓర్పుగా "దాచుకోండమ్మా, చలికాలం వేసుకుందురు గాని" అన్నారు. "అయితే సలికాలమే ఇవ్వలేకపోయారా?" అని ఆవిడ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ప్రెస్ నోటులో ఈ సంభాషణ లేదు. ముఖ్య అతిథి ప్రసంగం మధ్యలో ఒక బుడతడు మాయమై, టోపీ నిండా పీతలు పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ మధ్యాహ్నం మొత్తం మీద ఊలు టోపీకి దొరికిన సరైన ఉద్యోగం అదొక్కటే.

అల్లికతో నాకు గొడవేం లేదు. చేతులకు పని, మనసుకు నిమ్మళం, సీరియల్ చూసేటప్పుడు పకోడీల జోలికి పోకుండా ఉండొచ్చు, చాలా మంచి అలవాటు. టోపీ దానమూ తప్పు కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు తలలోంచి వేడి చాలా పోతుంది, అందుకే 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి గుండెకు ఆనించి, నెత్తికి టోపీ తొడుగుతారు. మెత్తని నూలుతో అలాంటి టోపీలు అల్లి, ఉతికి, నర్సు చేతికిచ్చి వచ్చేసే వాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల ఫ్లెక్సీ మీరెప్పుడూ చూసి ఉండరు.

పోనీ చలి ఉన్న చోటే పంచుదామంటే మనకు లంబసింగి ఉంది. నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కితే, డిసెంబరు, జనవరుల్లో 5 డిగ్రీల లోపుకి పడిపోయే రోజులుంటాయి. బృందం వారు అక్కడికీ వెళ్లారు, మంచు చూసి, స్ట్రాబెర్రీలు తిని, రీల్స్ తీసుకుని వచ్చారు. టోపీలు పట్టుకెళ్లలేదు, లగేజీ ఎక్కువైపోతుందట.

ఇప్పుడు అల్లిక పాతబడింది, వడకడం మొదలైంది. విదేశాల నుంచి చేతి కదురు, మెరినో గొర్రెల ఊలు తెప్పించుకున్నారు. మేడమ్ గారు కదురు తిప్పుతుంటే పోగు తెగి కదురు మార్బుల్ మీద పడి దొర్లడం, ఎలాగోలా పేనిన దారం ఒకచోట వేలంత లావు, ఇంకోచోట వెంట్రుకంత సన్నం. దాన్ని "ఆర్ట్ యార్న్" అంటారని ఆవిడే చెప్పారు. సరే, బాగుంది. కానీ ఇక్కణ్ణుంచి రైలెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు చేరుకోవచ్చు. అక్కడ వాలుగ చేప దవడతో పత్తిని గింజ మీదే దువ్వి, ఏకులు చుట్టి, నలిగిపోకుండా ఎండు అరటి దొప్పలో పెట్టుకుని, రాట్నం మీద 100వ నంబరు నూలు వడికే ఆడవాళ్లున్నారు. 100వ నంబరంటే కిలో నూలు సాగదీస్తే దాదాపు 169 కిలోమీటర్లు, విశాఖ నుంచి పొందూరు వెళ్లి వెనక్కి చాలా దూరం రావచ్చు. ఎక్కడా వేలంత లావు ఉండదు. రోజంతా వంగి కూర్చుని వడికినా వాళ్లలో ఒకావిడకొచ్చే కూలీ మీ మెరినో లచ్చీ ఒక్కదాని ఖరీదు చెయ్యదు. అందుకే కూతుళ్లు ఆ రాట్నం ముట్టుకోవడం లేదు. మీరు తిప్పితే థెరపీ, ఆవిడ తిప్పితే "పాపం, ఈ వయసులో కూడా" అని జాలా? ఆ జాలి ఎవడిక్కావాలి, కూలీ పెంచమనండి! పొందూరు పంచె ధర చూసి "అమ్మో, ఇంతా" అని బేరమాడి వదిలేసి వచ్చిన నోటితోనే, కొరియర్ చార్జీలకు అంతకంటే ఎక్కువ కట్టి, "చేతి పనికి విలువ ఇవ్వాలండీ" అని స్టేటస్ పెడతారేం? సిగ్గనిపించదా?

క్షమించాలి, గొంతు పెరిగింది. వ్యంగ్య వ్యాసంలో ఇలా అరవకూడదు.

వచ్చే నెల బృందం వారు "రాట్నంతో ధ్యానం" అని ఏసీ హాల్లో వర్క్‌షాప్ పెడుతున్నారు. ప్రవేశ రుసుం ఉంది, భోజనం ఉంది, గుడ్డ సంచీ ఉంది. పొందూరు నుంచి ఒక పెద్దావిడని పిలిపించి రెండు గంటలు డెమో ఇప్పిస్తారట, చివర్లో శాలువా కప్పుతారట. శాలువా ఫోటో గ్రూపులో పెట్టారు, మెరిసిపోతున్న పాలియెస్టర్. ఆవిడకి ఆ రోజు కూలీ, దారి ఖర్చులు ఎంత ఇస్తున్నారని అడిగాను. అందరూ చూశారు, నీలం టిక్కులు పడ్డాయి. తర్వాత ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టారు.