వరద రాకముందే ఆపరేషన్లు

గోదావరి డెల్టాలో ఆపరేషన్లకూ ఒక సీజన్ ఉంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలై ధాన్యం డబ్బులు చేతికొచ్చి, ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఊళ్లో పనులు పల్చబడతాయి. పిల్లలకు సెలవులు. తాతగారి కంటి శుక్లాలు, అమ్మ గర్భసంచి, రెండేళ్లుగా నెట్టుకొస్తున్న హెర్నియా, బోదకాలు దోమ ఈ నేలకు అంటగట్టిన వరిబీజం... అన్నిటినీ ఆ రెండు నెలల్లోనే తేల్చుకుంటారు. మంచం పక్కన కూర్చోవడానికి ఇంట్లో ఓ మనిషి ఖాళీగా దొరికేది అప్పుడే మరి. ఈ ఏడాది, అంటే 2020లో, ఆ రెండు నెలలనూ కరోనా లాక్‌డౌన్ మింగేసింది.

అత్యవసరం కాని ఆపరేషన్లను వాయిదా వేయాలని మార్చి 20న కేంద్ర ఆరోగ్య శాఖ ఆస్పత్రులకు చెప్పడంలో తప్పేమీ లేదు. అప్పటికి పీపీఈ కిట్లకే కటకట. వచ్చే కరోనా రోగుల కోసం పడకలు, వెంటిలేటర్లు ఖాళీగా ఉంచాలి. పైగా వైరస్ ఒంట్లో ఉందని తెలియక కత్తి పెడితే ఏమవుతుందో వుహాన్ డాక్టర్లు రాసిపెట్టారు. అలా ఆపరేషన్ చేయించుకున్న 34 మందిలో ఏడుగురు చనిపోయారు. ఆ లెక్క చూశాక ఏ సర్జన్ అయినా వెనకాడతాడు.

అది మార్చి మాట. ఇప్పుడు 2020 మే నెల ముగింపుకొచ్చింది. ఈ నెల 21 నుంచి ఆర్టీసీ బస్సులు తిరుగుతున్నాయి. మద్యం దుకాణాలైతే 4వ తేదీనే తెరుచుకున్నాయి. ఆస్పత్రుల్లో వాయిదా పడిన ఆపరేషన్లకు మాత్రం ‘ఫోన్ చేస్తాం, అప్పుడు రండి’ అన్న జవాబే నడుస్తోంది. ఆ ఫోన్ ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. వాయిదా మన ఒక్కరికే కాదు. కరోనా ఉధృతంగా ఉన్న 12 వారాల్లో ప్రపంచమంతటా 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు ఆగిపోతాయని బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ కేంద్రంగా పనిచేస్తున్న పరిశోధకులు ఈ నెలలోనే అంచనా కట్టారు.

వాయిదా వేసినంత మాత్రాన జబ్బు ఉన్నచోటే ఆగదు. కిడ్నీలో రాయి తీశాక మూత్రనాళంలో స్టెంటు అనే సన్నటి గొట్టం పెట్టి ఇంటికి పంపిస్తారు. కొన్ని వారాల తర్వాత వచ్చి తీయించుకోవాలి. మామూలుగా అది పది, పదిహేను నిమిషాల పని. మార్చి మొదట్లో పెట్టించుకుని, తీయించుకునే వేళకు లాక్‌డౌన్‌లో చిక్కుకున్నవాళ్ల సంగతేమిటి? నెలలు గడిచేకొద్దీ స్టెంటు చుట్టూ గార పేరుకుంటుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. చివరికి దాన్ని బయటకు తీయడమే పెద్ద ఆపరేషన్ అవుతుంది. గుండెకు కృత్రిమ కవాటం వేయించుకున్నవాళ్లది ఇంకో చిక్కు. రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకునే మాత్ర డోసు సరిపోతోందో లేదో పీటీ-ఐఎన్‌ఆర్ అనే రక్త పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. డోసు తగ్గితే కవాటం మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. పరీక్ష లేకుండా పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు తెచ్చుకుని మింగుతున్నవాళ్లు రోజూ చీకట్లో బాణం వేస్తున్నట్టే.

ఫోన్లోనే డాక్టర్ సలహా దొరికేలా రాష్ట్ర ప్రభుత్వం ఏప్రిల్‌లో తెచ్చిన 14410 టెలిమెడిసిన్ మంచి ఏర్పాటు. జ్వరానికో, షుగర్ మాత్రలకో ఫోన్ చాలు. రొమ్ములో తగిలే గడ్డను ఫోన్లో ఎవరు తడిమి చూస్తారు? క్షయ నిర్ధారణకు తెచ్చిన ట్రూనాట్ యంత్రాలను కరోనా పరీక్షలకు మళ్లించారు. ఆ పూటకు అది అవసరమే. కానీ రెండు వారాలకు మించి దగ్గేవాళ్లకు కళ్లె పరీక్ష ఆగకూడదు కదా. దగ్గు బయటపడితే క్వారంటైన్‌కు పట్టుకుపోతారేమోనన్న భయంతో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని సరిపెట్టుకుంటున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

కాబట్టి ఆపరేషన్ థియేటర్లు తెరవాలి. ఎలా తెరవాలన్నదే ప్రశ్న. ముందొచ్చినవాళ్లకు ముందు, లేదా ఎమ్మెల్యేతో చెప్పించుకున్నవాళ్లకు ముందు అనే పద్ధతి ఈసారి ప్రాణాలు తీస్తుంది. క్యాన్సర్ అనుమానాలు, స్టెంట్లు, గుండె కేసులు ముందుండాలనడంలో వివాదం లేదు. ఆ తర్వాతి వరుసలో రోగి జబ్బుతో పాటు అతని ఊరినీ చూడాలన్నది మా వాదన. జూలై, ఆగస్టుల్లో గోదావరి పోటెత్తితే చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునుగుతుంది, కనకాయలంక జనానికి పడవే దిక్కు. ఉడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేటలకు ఏటి పాయలో వేసుకునే మట్టి బాట మొదటి వరదకే కొట్టుకుపోతుంది. రాజమహేంద్రవరం మనిషి హెర్నియా ఆగస్టుదాకా ఆగితే ఆగొచ్చు. లంకలో, అంటే ఏటి మధ్య ఊళ్లో, అదే హెర్నియా వరద రోజున మెలిపడితే అతన్ని ఒడ్డుకు చేర్చేదెవరు? అందుకే లంకలవాళ్ల పేర్లు పైకి రావాలి.

జాబితా తయారీకి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఏభై ఇళ్లకో వలంటీరు, సచివాలయంలో ఏఎన్‌ఎం, వాళ్లకు తోడు ఆశా కార్యకర్త ఉన్నారు. జలుబు, దగ్గు ఉన్నాయా అని ఇప్పటికే ఇంటింటికీ తిరిగారు. ఆగిపోయిన ఆపరేషన్ ఏదైనా ఉందా, తీయించుకోవాల్సిన స్టెంటు గానీ చేయించుకోవాల్సిన స్కానింగ్ గానీ ఉందా అని ఇంకోసారి అడిగితే సరిపోతుంది.

సిబ్బంది భయం నిజమైనదే. గొంతులోకి గొట్టం వేసే మత్తు డాక్టర్ ముఖం రోగి ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు ప్రతి రోగికీ కరోనా పరీక్ష చేయాలి, అదీ ఉచితంగా. కరోనా వార్డులున్న ఆస్పత్రులకు ఈ పని అప్పగించకుండా, ఏరియా ఆస్పత్రుల్లోనూ ఆరోగ్యశ్రీ కింద ఉన్న ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ చేయించాలి. మార్చిలో తీయించుకున్న రక్త పరీక్షలు, ఈసీజీలు ఇప్పుడు పనికిరావు, మళ్లీ చేయించాల్సిందే. ఆ ఖర్చు, పీపీఈ కిట్ల పేరుతో వేసే బిల్లు రోగి నెత్తిన పడకూడదు. పశ్చిమగోదావరిలో జనవరి 3 నుంచి 2,059 జబ్బులకు ఆరోగ్యశ్రీ వర్తింపజేసి, వెయ్యి దాటిన బిల్లు తామే కడతామన్న ప్రభుత్వానికి ఇది మొదటి అసలు పరీక్ష. కాలేజీలు మూతపడి రక్తదాన శిబిరాలు లేవన్న సంగతీ మరవొద్దు, థియేటర్ కన్నా ముందు బ్లడ్‌బ్యాంకు నిండాలి.

ఖరీఫ్‌కు కాలువల్లోకి నీళ్లు ఎప్పుడు వదలాలో తేల్చడానికి ఏటా అధికారులు, ప్రజాప్రతినిధులు కూర్చుంటారు. ఈసారి ఆ సమావేశానికి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల వైద్యాధికారులనూ, ఆస్పత్రుల సూపరింటెండెంట్లనూ పిలవాలి. నీళ్లు వదిలే తేదీతో పాటు లంకల రోగుల ఆపరేషన్ తేదీలనూ అక్కడే ఖరారు చేసి సచివాలయాల నోటీసు బోర్డుల్లో పెట్టాలి.